పౌర్ణమి నాటి కెటిల్

జూలై 8, మంగళవారం

ఓడ కదిలి చాలాసేపయింది. చెన్నై మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది — వెళ్ళొస్తానని చెప్పి కూడా గుమ్మంలో నిలబడి కబుర్లాడే చుట్టంలా.

బావగారి రిటైర్మెంటు సందర్భంగా నలుగురం. తేదీ నిర్ణయం కూడా ఆయనదే. ఆ-కా-మా-వై. ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం — ఈ నాలుగు పౌర్ణములకీ సముద్రస్నానం చెయ్యాలి. అంతర్వేది ఎన్నిసార్లు వెళ్ళలేదూ, ఈసారి సముద్రం అవతలి దీవికే వెళ్ళి చేద్దాం అన్నారు. పంచాంగం చూసి క్రూయిజు టికెట్లు కొన్నవాళ్ళు ఈ ఓడ మొత్తానికి మేమొక్కళ్ళమే అయ్యుంటాం.

అన్నదమ్ములిద్దరూ పైన బార్‌లో. నేనూ మా తోటికోడలు అక్కయ్యా కేబిన్‌లో, జంతికల డబ్బాతో. రామచంద్రపురంలో బావగారి డాబా అయినా, రాజమండ్రిలో మా డాబా అయినా, బంగాళాఖాతం అయినా ఒకటే. వాళ్ళు పైన, మేం కింద. ఇక్కడ ఒకటే సుఖం — పకోడీలు వెయ్యక్కర్లేదు.

జూలై 9, బుధవారం

ఓడ ఊపు పడడం లేదు. నిమ్మకాయ వాసన చూస్తూ పడుకున్నాను.

సాయంత్రం రెయిలింగు దగ్గర ఈయన ఒంటరిగా దొరికారు. అడిగేశాను. రేపు ట్రింకోమలీలో ఓడ ఆగుతుంది కదా, స్నానాలయ్యాక వాళ్ళు గుడికి వెళ్తారు కదా... మనిద్దరం ఎక్కడైనా మంచి పబ్‌లో కూర్చుందామా అని. కిటికీలోంచి సముద్రం కనబడాలి. బల్లకి అటు మీరు, ఇటు నేను. పగటిపూట. నాకూ ఒక గ్లాసు.

నవ్వారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆయనే అన్నారు, ఎప్పుడో ఒకనాడు నిన్నలా తీసుకెళ్తానని. గుర్తుందో లేదో. అది కావాలంటే కేబిన్‌కే తెస్తాలే అన్నారు. అది కాదు నేనడిగేది. తాగడం కాదు. కూర్చోవడం. అలా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

భోజనాల దగ్గర బావగారు తమ్ముడితో — "రేపు మాత్రం ముట్టుకోవద్దురా. పుణ్యస్నానం." ఈయన సరేనని అన్నగారి చేతిలో చెయ్యి వేశారు. మా ఇద్దరి ముందే.

గదిలోకి వచ్చాక, మాటిచ్చారు కదా, రేపు వద్దులెండి అన్నాను. "అన్నయ్యకి ఎవరు చెప్తారే?" అన్నారు.

ఎవరు చెప్తారు.

జూలై 10, గురువారం, ఆషాఢ పౌర్ణమి

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి. మర్చిపోతానేమోనని భయం.

స్నానాలు పొద్దున్నే. బావగారు సంకల్పం చెప్పుకున్నారు. అక్కయ్య చీర తడిసి బరువెక్కి, నన్ను పట్టుకుని నవ్వు. తరవాత వాళ్ళు కొండ మీద గుడికి. మాకు మోకాళ్ళ నొప్పులని ఈయన ఒక అబద్ధం.

మొదటి చోటు — నేను ఫోన్‌లో చూసి పెట్టుకున్నది. తలుపు మీద లంగరు బొమ్మ, నీలం కిటికీలు, నేననుకున్నట్టే సముద్రం. తలుపుకి తాళం. కిటికీలోంచి చూస్తే కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి.

రెండోది పెద్ద హోటలు. తెల్ల యూనిఫారం అతను చేతులు కట్టుకుని ఇవాళ పోయా కదా మేడమ్ అన్నాడు. ఏమిటది అంటే ఆకాశంలోకి చెయ్యి చూపించాడు. పౌర్ణమి. ఇక్కడ ప్రతి పౌర్ణమీ బుద్ధుడి పండగట. దేశమంతా ఎక్కడా చుక్క అమ్మరట. అందులోనూ ఆషాఢ పౌర్ణమి మరీ గట్టిదట.

బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి నవ్వాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. ఏడాదిలో ఇన్ని రోజులుండగా బావగారి పంచాంగం సరిగ్గా ఇవాళే మమ్మల్ని ఇక్కడ దింపింది.

మూడోది కూడా మూసే ఉంది. ఈయనకి చెమటలు. పద, ఓడెక్కి తాగుదాం, ఎవరు చూడొచ్చారు అన్నారు. ఇంకొక్కటి చూద్దామండీ అన్నాను. ఆటో అతను తమిళుడు, మా బాధ అర్థమై గట్టిగా నవ్వాడు. టీ తాగుతారా మరి అన్నాడు. వద్దన్నాం. మంచి టీ, అని ఒత్తి పలికి, అడక్కుండానే తీసుకెళ్ళాడు.

రేవు వెనక ఒక పాత బంగళా. గెస్ట్‌హౌస్. పూల గౌను వేసుకున్న పెద్దావిడ గుమ్మంలో మమ్మల్ని ఎగాదిగా చూసింది. "టీయేనా?" అంది. ఈయన అవునన్నారు. వరండాలో బల్ల, రెండు పేము కుర్చీలు, కొబ్బరిచెట్ల మధ్య నుంచి సముద్రం. మన కోనసీమని ఎవరో తీసుకొచ్చి ఉప్పునీళ్ళ పక్కన పెట్టినట్టు.

ట్రే వచ్చింది. పింగాణీ కెటిలు, కప్పులు, సాసర్లు, చిన్న పంచదార గిన్నె కూడా. ఈయన వంచారు. కప్పులో నురగ.

చల్లటి బీరు. టీ కెటిల్లో.

మొదటి గుక్క కాకరకాయ కడిగిన నీళ్ళు. రెండోదీ అంతే. కప్పు సగమయ్యాక చేదు నోటికి అలవాటైంది. ఎదురుగా కూర్చున్నారు. నా వైపే చూసి మాట్లాడుతున్నారు. బి.కామ్ తప్పినప్పుడు ఇంటికెళ్ళే ధైర్యం లేక పడవెక్కి పట్టిసీమ పోయి, వీరభద్రుడి గుడి మెట్ల మీద ప్రసాదం తిని పడుకున్నారట. అన్నయ్యే వెతుక్కుంటూ వచ్చాడట. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ముక్క నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే — "నువ్వెప్పుడూ ఇలా కూర్చోలేదు కదే" అన్నారు.

నిజమే. నేనెప్పుడూ పళ్ళెం పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఆవిడ ఫోటో తీసింది. ఇద్దరి చేతుల్లో కప్పులు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను — దీవిలో టీ. కొండ మీంచి అక్కయ్య జవాబు — మాకూ ఫ్లాస్కులో పట్టుకురండి.

లేచేముందు ఈయన నా చెయ్యి మీద చెయ్యి వేసి, "ఇది మన మధ్యే" అన్నారు. నేను చెప్పాల్సిన మాట కదా అది! ఎంత బాగుందో వినడానికి.

జూలై 11, శుక్రవారం

తిరుగు ప్రయాణం. అక్కయ్య ముభావంగా ఉంది. ఎండ దెబ్బేమో.

జూలై 13, ఆదివారం

ఇల్లు. గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. మేం వెళ్ళేటప్పుడు పచ్చగా ఉంది.

ఫోటో మళ్ళీ చూశాను. ఎవరైనా టీయే అనుకుంటారు.

జూలై 27, ఆదివారం

అక్కయ్య ఫోన్. అత్తయ్యగారి తద్దినం నాలుగో తారీకు, సోమవారం. నేను రెండ్రోజుల ముందే వచ్చి నువ్వులు, మినప్పప్పు బాగుచేస్తానన్నాను. ఎప్పుడూ చేసేదే.

ఈసారి వంటమనిషిని మాట్లాడానంది. నీకెందుకే శ్రమ. ఏదో ఒకటి, ఒక పూటే కదా. నువ్వు ఊరికే వచ్చి కూర్చో.

శ్రమేమిటి? అత్తయ్యగారి తద్దినానికి మొదటి ఏడాది నుంచీ మడి కట్టుకుని నేనే వండుతున్నాను. ఆవిడే అడిగింది. ఆఖరి వేసవిలో, మంచం మీద కూర్చుని చింతపండు వలుస్తూ — "నా తద్దినానికి గారెలు నువ్వే వెయ్యవే సుధా. పెద్దదాని గారె నమలడానికి పళ్ళుండాలి, చచ్చాక నాకు పళ్ళెక్కడివి?" అక్కయ్య కూడా పక్కనే ఉంది. ముగ్గురం నవ్వాం.

భోక్తలుగా వచ్చిన బ్రాహ్మల్లో ఆ పూట ఆవిడే కూర్చుని తింటుందంటారు. నమ్ముతానా? తెలీదు. పిండి రుబ్బేటప్పుడు మాత్రం, ఉప్పు సరిపోయిందా అత్తయ్యా అని లోపల అడుగుతాను. ఏడాదికి ఒక్కసారి ఆవిడతో మాట్లాడేది ఆ పొయ్యి దగ్గరే.

వంటమనిషట.

జూలై 28, సోమవారం

నా చేతిలో ఏదైనా తప్పు జరిగిందా? పోయినేడు పరమాన్నం అడుగంటింది కొంచెం... అందుకా? లేక నాకే అంతా వంకరగా తోస్తోందా. పాపం నిజంగానే నా శ్రమ చూసి అని ఉండొచ్చు.

కానీ ఆ ‘ఊరికే వచ్చి కూర్చో’.

జూలై 30, బుధవారం

ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను. ఏం తప్పు చేశానో చెప్పు అక్కయ్యా అన్నాను. మొదట తప్పించుకుంది. తరవాత గొంతు తగ్గించి, "ఆ టీ సంగతి నాకు తెలుసే" అంది.

ఆవిడే మళ్ళీ అంది —

"తెలియకపోతే ఏ గొడవా లేదు. తెలిశాక ఎలాగే మరి? మడి వంట. రేపు పిల్లలకి తలనొప్పొచ్చినా అందుకేనేమో అనిపిస్తుంది నాకు. నా బుద్ధి అంతే, ఏం చెయ్యను."

అక్కయ్య మీద కోపం రాలేదు. ఆవిడ దాచుకోలేదు, ఎగతాళీ చెయ్యలేదు. పెట్టేశాక ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఎం.ఏ.లో తర్కం చదివాను. కొండ మీద పొగ ఉంది కనుక నిప్పు ఉంది. ఆ చదువు ఎవరికీ అక్కర్లేక ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెబుతున్నాను. ఇవాళ పనికొచ్చింది. ఆ కెటిల్లో ఏముందో తెలిసినవాళ్ళు నలుగురు. నేను, ఈయన, పూల గౌను ఆవిడ, ఆటో అతను. ఆ చివరి ఇద్దరికీ రామచంద్రపురం ఎక్కడుందో తెలీదు.

జూలై 31, గురువారం

అడగలేదు. అడిగితే కాదంటారేమోనని కొంత. అవునంటారేమోనని కొంత.

అన్నం తింటూ టీవీలో వరద వార్తలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం. ఇంకో గారె... కాదు, ఇంకో గరిటె పప్పు వెయ్యమన్నారు. చెయ్యి ఏం రాస్తోందో నాకే తెలియడం లేదు.

ఆగస్టు 3, ఆదివారం

కారులో వెళ్తున్నాం. కడియం నర్సరీలు దాటి కాలువ గట్టెక్కాక అడిగాను. అక్కయ్యకి ఎవరు చెప్పారండీ అని.

నేనెందుకు చెప్తాను అన్నారు వెంటనే. దేని గురించో నేనింకా అననేలేదు.

గేరు మార్చి — వదినకి చెప్పలేదు, అన్నయ్యతో అన్నాను. ఎదురొచ్చిన ట్రాక్టరు దాటాక — ఆ సాయంత్రం ఓడ ఎక్కగానే అన్నయ్యకి వాసన వచ్చింది. చెయ్యి వేసి మాటిచ్చావు కదరా అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఏం చెప్పారు?

అద్దంలోంచి వెనక వచ్చే లారీని చూస్తూ చెప్పారు. "సుధ పట్టుపట్టింది అన్నయ్యా, ఒక్కదాన్నే కూర్చోబెట్టడం బాగోదని తోడు కూర్చున్నా అన్నాను. అంతే. అబద్ధమా అది?"

అదే. అప్పటి నుంచీ అదే తిరగేస్తున్నాను. అబద్ధమా? మొదట అడిగింది నేను. తలుపులన్నీ మూసున్నా ఇంకొక్కటి చూద్దామన్నది నేను. ఆయన వెనక్కి పోదామన్నారు. అవన్నీ నిజాలే. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. కెటిలు వంచింది ఎవరో చెప్పలేదు. ఆయన కప్పులు ఎన్నిసార్లు నిండాయో చెప్పలేదు. పట్టిసీమ సంగతి చెప్పలేదు. చేతి మీద చెయ్యి వేసింది చెప్పలేదు. అవి తీసేస్తే మిగిలేది — తాగాలని మొగుణ్ణి ఊరంతా తిప్పిన ఆడది.

రెయిలింగు దగ్గర నేనడిగిన ముచ్చట, మర్నాడు సాయంత్రానికి అన్నగారికి సంజాయిషీ. ఒక్క పూటైనా దాచలేకపోయారు. నేనింకా గదిలో తల దువ్వుకుంటూ, నాలో నేను నవ్వుకుంటూ ఉన్నాను ఆ సమయానికి.

మరి రేపు మీరు కర్మకి ఎలా కూర్చుంటారండీ అన్నాను.

"మగాళ్ళది స్నానంతో పోతుందే. అన్నయ్యే అన్నాడు."

ఇద్దరం నవ్వితే బాగుండేది అక్కడ. ఆయన నవ్వలేదు. నిజంగానే అంటున్నారు.

ఆగస్టు 4, సోమవారం

తద్దినం.

పెరటి దండెం మీద మడిచీర ఆరేసి ఉంది. ఎప్పుడూ నేను కట్టుకునేదే. అక్కయ్య కట్టుకుంది. వంటింటి గడప ఇవతల ముక్కాలిపీట వేసి, నన్ను కూర్చోమంది. పిలిస్తే అందించడానికి కూడా ఏమీ లేదు, నేను ముట్టుకున్నది లోపలికి పోదు.

ఈయన తడితల, పంచె, వేలికి దర్భ ఉంగరం, అన్నగారి వెనక. ఎంత శుభ్రంగా ఉన్నారో.

గారెలు నూనెలో పడిన చప్పుడుకే తెలిసిపోయింది, పిండి గట్టిగా ఉందని. నోటిదాకా వచ్చింది, కాసిని నీళ్ళు చల్లి కలపండమ్మా అని. వంటమనిషికి చెప్పొచ్చు, మాటకి మైల ఉండదు. చెప్పలేదు. ఎందుకో నాకు తెలుసు. గారెలు రాళ్ళలా రావాలని కోరుకున్నాను. అత్తయ్యగారు తినే పూట! ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.

ఏటా వచ్చే భోక్త, పెద్దాయన, గారె విరవబోయి ఆగారు. చిన్నకోడలుగారి వంట కాదాండీ ఈసారి అన్నారు. అందరూ ఈయన వైపు చూశారు. నేనూ చూశాను. ఒక్క క్షణం... ఏదో ఆశ. ఏం చెప్పాలని? తనకి ఇష్టం లేదనైనా. లేదా మేమే వద్దన్నామని. నిజానికి దగ్గరగా ఉన్నది ఏదైనా సరే.

"ఒంట్లో బాగోలేదండి" అన్నారు.

పెద్దాయన నా వైపు జాలిగా చూశారు. విశ్రాంతి తీసుకోమ్మా అన్నారు. తలూపాను. అక్కడ ఒక్క వాక్యం చాలు నాకు — అదే కెటిలండీ, రెండు కప్పులండీ. చెబితే కర్మ ఆగిపోయేది. విస్తళ్ళ ముందు నుంచి బ్రాహ్మలు లేచిపోయేవారు. ఆవిడ పస్తుండేది.

చెప్పలేదు. ఆవిడ కోసమా? ధైర్యం లేకా? తలూపి నేనూ ఆ అబద్ధంలో తోడు కూర్చున్నట్టేనా?

వాళ్ళయ్యాక నాకూ విస్తరి వేశారు. గారె నమిలాను. దవడ నొప్పెట్టింది. నవ్వొచ్చింది, పక్కన నవ్వడానికి ఆవిడ లేదు.

ఆగస్టు 5, మంగళవారం

గ్రూపులోంచి ఫోటో తీసేద్దామని చూశాను. వాళ్ళందరి ఫోన్లలోంచి పోదట ఇప్పుడు. పాతబడిపోయింది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. మా ఇంట్లో అమ్మవారికి నా చేతి పూర్ణాలు పనికొచ్చాయి. ఈయన అరడజను తిన్నారు. ఎవరికీ ఏ సందేహమూ లేదు.

ఆగస్టు 12, మంగళవారం

ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నావా అన్నారు. అన్నయ్యకి సర్దిచెప్తాలే, వచ్చే ఏడు నువ్వే వండుదువుగాని అన్నారు. ఆయన ఇప్పించేదా అది? ఆయన ఇప్పించాల్సిందా?

వంటమనిషి ఉంటే ఉండనీ, నేను పోగొట్టుకున్నది పొయ్యి కాదేమో. పొయ్యి కూడా. రెండూ.

ఒకటి అడగాలి. పట్టిసీమ కథ నిజమేనా అని. కానీ అదీ పోతే దీవిలో ఏం మిగలదు. అడగను.

ఆగస్టు 17, ఆదివారం

బావగారు వచ్చారు, పుష్కరఘాట్ దగ్గర వరద చూడ్డానికి. అక్కయ్య రాలేదు. సాయంత్రం ఈయన వంటింట్లోకి వచ్చి గుమ్మానికి ఆనుకుని, గొంతు మెత్తగా చేసి — "డాబా మీద కూర్చుంటున్నాం. కాసిని ఉల్లిపాయ పకోడీలు వేస్తావా? అన్నయ్య అడుగుతున్నాడు, అమ్మాయి చేతి పకోడీ తిని చాన్నాళ్ళయిందని."

ఈ చేతివే.

ఉల్లిపాయలు తరిగాను. శనగపిండి, కాస్త బియ్యప్పిండి, పచ్చిమిర్చి. అలవాటు, చేతులు అడగవు. మొదటి వాయి వేగుతుండగా ఇది రాస్తున్నాను, గట్టు మీద పుస్తకం పెట్టుకుని. పేజీకి నూనె మరక.

పైన నవ్వులు. గ్లాసుల చప్పుడు. బావగారు మెట్ల మీంచి కేకేశారు, "అమ్మాయ్, అయ్యాయా?"

పళ్ళెం నిండింది. ఇందాక బట్టలు తీయడానికి వెళ్ళినప్పుడు చూశాను, డాబా మీద రెండు కుర్చీలే ఉన్నాయి. మూడోది కింద వరండాలో ఉంది. పేముది కాదు, ప్లాస్టిక్‌ది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో కుర్చీ. మెట్లు ఇరుకు. గోడకి తగిలి చప్పుడవుతుంది, నేను చేరేలోపే వాళ్ళకి తెలిసిపోతుంది.

మళ్ళీ కేకేస్తున్నారు. ఈసారి ఈయన.

పళ్ళెం తీసుకున్నాను. వరండా దాకా వచ్చాను. పుస్తకం కుర్చీలో పెట్టి నిలబడి రాస్తున్నాను, పకోడీలు చల్లారిపోతున్నాయి